బీటెక్ నుంచి ఎకనామిక్స్‌కి, విశాఖ నుంచి విదేశానికి: పీజీలో సబ్జెక్టూ దేశమూ మార్చుకోవాలనుకునేవారికి

పోయిన సంక్రాంతికి మా పిన్ని కొడుకు గాజువాక నుంచి మార్కుల మెమోలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మెకానికల్ బీటెక్, సీజీపీఏ 7.6. "అన్నయ్యా, ఎకనామిక్స్‌లో మాస్టర్స్ చేస్తాను. జర్మనీ గానీ యూకే గానీ" అన్నాడు. వెనకే వచ్చిన పిన్ని గుమ్మంలోనే ఆగి, "నాలుగేళ్లు ఇంజినీరింగు చదివించింది ఇందుకేటిరా?" అంది. వాళ్లిద్దరికీ జవాబు చెప్పేసరికి పొద్దు వాలింది. ఆ రోజు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేనూ ఆ దారినే వెళ్లినవాణ్ణి. మొదటి ఏడాది ఆరు యూనివర్సిటీలకు అప్లై చేస్తే ఆరూ కాదన్నాయి. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ నా ఫైలు అటూ ఇటూ తిప్పి, "మీ ప్రొఫైల్ బాగుంది సార్, ఏం టెన్షన్ లేదు" అని పంపించేసింది. నా మెమోలో ఎకనామిక్స్ అన్న మాట ఒకే ఒక్క పేపర్లో ఉందని అక్కడ ఎవరూ చెప్పలేదు. మరో ఏడాది ఇక్కడే ఉండి ఆ ఖాళీ నింపుకున్నాకే సీటు వచ్చింది. అందుకే ముందుగా ఒక మాట. సబ్జెక్టు మారడం విశాఖలోనే జరగాలి, దేశం మారడం ఆ తర్వాత. రెండూ ఒకేసారి విమానం ఎక్కాక జరుగుతాయనుకుంటే ఫైలు దగ్గరే ఆగిపోతుంది.

మొదటి అడుగు: మీకు కావలసింది ఎకనామిక్సేనా?

పేపర్లో బడ్జెట్ వార్తలు ఇష్టంగా చదవడం వేరు, పీజీలో ఎకనామిక్స్ చదవడం వేరు. దీనికి ఫిషింగ్ హార్బర్ దగ్గరే ఒక పరీక్ష ఉంది. తెల్లవారుజామున వెళ్లి వంజరం వేలం చూడండి. రోజూ ఎంత సరుకు దిగింది, కిలో ఎంతకు పోయింది అని ఏడాది పాటు రాసుకున్నారనుకోండి. ఆ చుక్కలన్నీ గ్రాఫ్ మీద పెట్టి వాటి మధ్య ఒక గీత గీస్తే అది డిమాండా, సప్లయా? రెండూ కాదు. ధర మారిన ప్రతి రోజూ కొనేవాళ్ల వైపు ఏదో, అమ్మేవాళ్ల వైపు ఏదో కదిలి ఉంటుంది. మీ గీత ఆ రెండూ కలిసిపోయిన కలగూర గంప.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. అప్పుడు సరుకు తగ్గేది ప్రభుత్వ ఉత్తర్వు వల్ల, కొనేవాళ్ల ఇష్టం మారి కాదు. కాబట్టి ఆ రోజుల్లో కనిపించే మార్పు డిమాండ్ గీత ఎలా ఉందో చెబుతుంది. కార్తీకమాసంలో దీనికి తలకిందులు. వేట మామూలుగానే సాగుతుంది, కానీ సగం ఇళ్లలో నీచు వండరు. అప్పుడు కదిలేది డిమాండు, బయటపడేది సప్లయ్ గీత. (ఇంత శుభ్రంగా ఏదీ ఉండదు. నిషేధంలో తెప్పల వేట ఉంటుంది, చెరువు చేప మార్కెట్లోకి వస్తుంది, ఎండాకాలంలో తినే అలవాట్లే మారతాయి. వాటితో తంటాలు పడటమే అసలు పని.) ఏ మార్పుకు ఏది కారణమో ఇలా విడదీయడాన్నే ఎకనామెట్రిక్స్‌లో (గణాంకాలతో ఆర్థిక విషయాలను పరీక్షించే శాస్త్రంలో) ఐడెంటిఫికేషన్ అంటారు. న్యూయార్క్ ఫుల్టన్ చేపల మార్కెట్ మీద కాథరిన్ గ్రాడీ చేసిన పరిశోధనలో మన వేట నిషేధం స్థానంలో సముద్రపు తుపానులు ఉంటాయి. ఆలోచన మాత్రం ఒకటే.

ఇది చదువుతుంటే చేతికి కాగితం, పెన్ను కావాలనిపించిందా? అయితే ముందుకు రండి. విసుగనిపిస్తే పబ్లిక్ పాలసీ, డెవలప్‌మెంట్ స్టడీస్ వంటి కోర్సులు చూడండి. వాటిలో లెక్కలు తక్కువ, సబ్జెక్టు మార్చుకుని వచ్చేవాళ్లకు తలుపులూ ఎక్కువ. అదేమీ తక్కువ దారి కాదు.

పిన్నికి ఇంకో మాట కూడా చెప్పాను. 1969లో ఎకనామిక్స్‌కి మొట్టమొదటి నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన యాన్ టింబెర్గన్ డాక్టరేట్ చేసింది ఫిజిక్స్‌లో. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్ చాన్స్‌లర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదివింది చరిత్ర, ఆ తర్వాత తెలుగులో అర్థశాస్త్రం మీద పుస్తకం రాశారు. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు గానీ లోపలికి వచ్చి కూర్చుంది.

రెండో అడుగు: మీ మెమోను వాళ్ల కళ్లతో చదవండి

అసలు పని ఇక్కడే ఉంది, కాస్త ఓపికగా చదవండి. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకేచోట ఉండే మెమో) ముందు పెట్టుకుని, ఒక తెల్లకాగితం మీద ఆరు గళ్లు గీయండి: క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ-స్టాటిస్టిక్స్, మైక్రో (మనుషులు, సంస్థల స్థాయి ఎకనామిక్స్), మాక్రో (దేశం మొత్తం స్థాయిది), ఎకనామెట్రిక్స్. ప్రతి పేపరూ ఏ గడిలో పడుతుందో క్రెడిట్లతో సహా రాయండి. మా తమ్ముడికి మొదటి మూడు గళ్లూ నిండాయి, చివరి మూడూ ఖాళీ. బీటెక్ వాళ్లలో చాలామందికి ఇంతే. బీఏ, బీకాం వాళ్లకు సరిగ్గా దీనికి ఎదురు. బీకాం వాళ్లకు లెక్కల గళ్లు నింపడం కష్టమే, ఇంకో ఏడాది పట్టవచ్చని ముందే మనసులో పెట్టుకోండి. బీఎస్సీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ కలిసి చదివినవాళ్లది అందరికన్నా మంచి స్థితి.

బీటెక్‌లో చదివిన మేనేజీరియల్ ఎకనామిక్స్ పేపర్ని మైక్రో గడిలో వేయకండి. ఆ పేపరు సిలబస్ చూసినవాళ్లెవరూ దాన్ని మైక్రోగా లెక్కవేయరు.

మెమో మీద "మ్యాథమెటిక్స్-1" అని మాత్రమే ఉంటుంది. ఆ పేరు చూస్తే జర్మనీలో బాన్ యూనివర్సిటీలో కూర్చున్నవాళ్లకు ఏమీ అర్థం కాదు. మీ బ్యాచ్ రెగ్యులేషన్ సిలబస్ కాపీ సంపాదించి, హెచ్ఓడీ సంతకం, ముద్ర వేయించుకోండి. అందులో ఐగెన్ విలువలు, పాక్షిక అవకలనాలు, లాగ్రాంజ్ గుణకాలు అని అక్షరాలా ఉంటాయి. లాగ్రాంజ్ గుణకం మనం పెట్టె ఘనపరిమాణం ఎక్కువ చేసే లెక్కలో నేర్చుకుని, పరీక్ష అవగానే మర్చిపోయాం. మైక్రోలో అడుగడుగునా అదే. చేతిలో ఉన్న డబ్బుతో ఎక్కువ తృప్తి వచ్చేలా ఏం కొనాలన్న లెక్కలో ఆ గుణకానికి (లాంబ్డాకి) ఒక అర్థం ఉంది: జేబులో ఇంకో రూపాయి పడితే తృప్తి ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య అది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు బీటెక్ నాలుగేళ్లూ వృథా కాలేదనిపించింది.

ఇక మార్కులు. జర్మనీ యూనివర్సిటీలు మన గ్రేడును తమ స్కేలులోకి మార్చేందుకు సవరించిన బవేరియన్ సూత్రం వాడతాయి. గరిష్ఠ గ్రేడు నుంచి మీ గ్రేడు తీసివేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. వాళ్ల స్కేలులో 1 అన్నిటికన్నా మంచిది, 4 అంటే పాస్. మా తమ్ముడి 7.6 తీసుకోండి. పాస్ గ్రేడు 4 అయితే 2.2 వస్తుంది, పాస్ గ్రేడు 5 అయితే 2.44. కష్టం అదే, మార్కులూ అవే, కానీ 2.3 దగ్గర గీత గీసిన కోర్సులో ఒకటి లోపల, ఒకటి బయట. కాబట్టి మీ యూనివర్సిటీలో కనీస పాస్ గ్రేడు ఎంతో ట్రాన్స్‌క్రిప్ట్ వెనకాల గానీ, విడిగా లెటర్ మీద గానీ రాయించుకోండి.

క్రెడిట్లకూ ఒక లెక్క ఉంది. మన బీటెక్ నాలుగేళ్లకు 160 క్రెడిట్లు అయితే, యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 చొప్పున నాలుగేళ్లకు 240. అంటే మన ఒక క్రెడిట్ అక్కడ సుమారు ఒకటిన్నర. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ కలిపి 12 క్రెడిట్లు ఉంటే 18 అని వేసుకోండి. ఏ కోర్సు ఏ గడిలో ఎన్ని అడుగుతుందో వాళ్ల అడ్మిషన్ రూల్స్‌లో ఉంటుంది. ఫీజు కట్టకముందే అది చూడండి.

మూడో అడుగు: ఖాళీ గళ్లు నింపడం

సర్టిఫికెట్ వేరు, ట్రాన్స్‌క్రిప్ట్ వేరు. ఈ తేడా తెలియకే చాలామంది ఏడాది పోగొట్టుకుంటున్నారు. ఎన్‌పీటెల్, స్వయం వంటి ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులు చదువుకోవడానికి చాలా మంచివి. పరీక్షకు సెంటర్‌లో కూర్చుని రాయాలి కాబట్టి వాటికి విలువ కూడా ఉంది. కానీ క్రెడిట్లు లెక్కపెట్టే యూనివర్సిటీలు సాధారణంగా అడిగేది గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్న పేపర్లనే. విడి సర్టిఫికెట్ అక్కడ "ఆసక్తి ఉంది" అని చెబుతుంది తప్ప గడి నింపదు.

బీటెక్ ఇంకా అవ్వలేదా? అయితే మీరు అదృష్టవంతులు. స్వయం కోర్సుల క్రెడిట్లను మీ కాలేజీ డిగ్రీలో కలిపే వీలుందేమో ఈ సెమిస్టర్‌లోనే అకడమిక్ సెక్షన్‌లో అడగండి. ఓపెన్ ఎలెక్టివ్‌గా మైక్రో, ఎకనామెట్రిక్స్ తీసుకోగలిగితే అవి మెమో మీదే పడతాయి.

డిగ్రీ అయిపోయినవాళ్లకు ఇగ్నో ఎంఏ ఎకనామిక్స్ ఒక దారి. ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు, విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది, ఉద్యోగం చేసుకుంటూ చదవవచ్చు. రెండో దారి అమెరికాలోని ఎంఐటీ ఆన్‌లైన్‌లో నడిపే మైక్రోమాస్టర్స్ (డేటా, ఎకనామిక్స్, అండ్ డిజైన్ ఆఫ్ పాలసీ). 2019 నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దాని వెనక ఉన్నారు. ఫీజు మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, పరీక్ష నిఘాలో రాయాలి. ఇందులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఎంఐటీలోనే అదే పేరుతో ఉన్న మాస్టర్స్‌కు అప్లై చేయవచ్చు. మూడోది యూనివర్సిటీ ఆఫ్ లండన్ దూరవిద్యలో ఇచ్చే గ్రాడ్యుయేట్ డిప్లొమా. దాని పాఠ్యక్రమాన్ని చూసేది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్ఎస్ఈ). ఖర్చు ఎక్కువే, కానీ ఇంట్లో ఉండి యూకే ట్రాన్స్‌క్రిప్ట్ తెచ్చుకోవచ్చు.

వీటన్నిటికన్నా ముందు బీటెక్ వాళ్లు రియల్ అనాలిసిస్ (క్యాలిక్యులస్‌ను నిరూపణలతో చదివే గణితం) మొదలుపెట్టండి. మనకు లెక్క చేయడం వచ్చు, ఎందుకలా అవుతుందో నిరూపించడం రాదు. పీజీ మైక్రోలో మొదటి నెలలోనే నిరూపణలు అడుగుతారు. నేను ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో రోజూ సాయంత్రం రెండు గంటలు కూర్చుని, మూడు నెలలు ఒక్క "సీక్వెన్సులు, కన్వర్జెన్స్" మీదే గడిపాను. తర్వాత పనికొచ్చినంతగా ఇంకేదీ పనికి రాలేదు.

నాలుగో అడుగు: సబ్జెక్టు మార్చుకున్నవాణ్ణి ఏ దేశం ఎలా చూస్తుంది

ర్యాంకింగులు కాసేపు పక్కన పెట్టండి.

జర్మనీలో గళ్లు నిండి ఉండాలి, లేకపోతే కథలు వినరు. కానీ నిండితే డబ్బు పరంగా ఇంతకన్నా తేలికైన చోటు కనిపించదు. బాన్‌లో ట్యూషన్ ఫీజు లేదు. మ్యాన్‌హైమ్ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఉంది కాబట్టి యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మనవాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని జర్మన్ రాయబార కార్యాలయ విభాగం పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి. అనుమానం ఉన్న ప్రతి కోర్సుకీ మీ ఆరు గళ్ల పట్టికను ఈమెయిల్ చేసి, "ఈ పేపర్లతో నేను అర్హుణ్ణేనా?" అని నేరుగా అడగండి. నాకు రెండో ఏడాది నాలుగు చోట్ల నుంచి జవాబులు వచ్చాయి. రెండు కాదన్నాయి, ఆ రెండు ఫీజులు మిగిలాయి.

యూకేలో మార్చుకునేవాళ్లకని విడిగా తలుపులే ఉన్నాయి. వారిక్‌లో డిప్లొమాతో కలిపి రెండేళ్ల ఎమ్మెస్సీ, ఎల్ఎస్ఈలో రెండేళ్ల ఎమ్మెస్సీ, కేంబ్రిడ్జిలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా. లెక్కల్లో గట్టిగా ఉండి ఎకనామిక్స్ చదవనివాళ్ల కోసమే ఇవి. ఖర్చు మాత్రం రెండేళ్లకు ఇల్లు కదిలేంత. తిరిగొచ్చి ఇక్కడ ఉద్యోగం చూసుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. యూకే ఏడాది మాస్టర్స్‌ను గుర్తించేలా రెండు దేశాల మధ్య 2022 జులైలో ఒప్పందం కుదిరింది.

అమెరికాలో పట్టికకన్నా మొత్తం ప్రొఫైల్ చూస్తారు. జీఆర్ఈ పరీక్షలో క్వాంట్ (లెక్కల భాగం) స్కోరు మన బీటెక్ వాళ్లకు అక్కడే కలిసొస్తుంది. ఒక చిన్న విషయం మీద చాలా ఆధారపడి ఉంటుంది, గమనించండి. అక్కడ ప్రతి కోర్సుకూ ఒక ప్రభుత్వ కోడ్ ఉంటుంది; మామూలు ఎకనామిక్స్ కోడ్ ఉన్న కోర్సుకూ, "ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్" అనే 45.0603 కోడ్ ఉన్న కోర్సుకూ తేడా ఉంది. రెండోది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంది కాబట్టి చదువయ్యాక 12 నెలల ఓపీటీ (అక్కడే పని చేసుకునే అనుమతి) మీద ఇంకో 24 నెలలు అడగవచ్చు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఏ కోడ్ వస్తుందో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

కెనడా ఎంఏలు ఎకనామిక్స్‌లో ఆనర్స్ డిగ్రీని ఆశిస్తాయి. మార్చుకునేవాళ్లకు అక్కడ కష్టం.

నా అభిప్రాయం అడిగితే, ఇంట్లో అప్పు భరించే శక్తి లేకపోతే మాస్టర్స్ ఇక్కడే చేయండి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్‌తో కూడా ప్రయత్నించవచ్చు. ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో ఎంఎస్‌క్యూఈ అనే ఎకనామిక్స్ మాస్టర్స్ ప్రవేశ పరీక్షలో లెక్కలకు పెద్దపీట. అక్కడ బాగా చదివి, పీహెచ్‌డీకి అమెరికా వెళితే సాధారణంగా ట్యూషన్ మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. సబ్జెక్టు ఇప్పుడు మారుతుంది, దేశం రెండేళ్ల తర్వాత మారుతుంది, అప్పు ఉండదు. మా తమ్ముడికి నేను చెప్పిన మొదటి సలహా ఇదే. వాడు ఐఎస్ఐ పరీక్షకూ, జర్మనీకీ రెండింటికీ సిద్ధమవుతున్నాడు.

ఐదో అడుగు: సిఫారసు లేఖలు, ఎస్ఓపీ

లేఖలో కావలసింది "మర్యాదస్థుడు, క్రమశిక్షణ గలవాడు" అన్న మాటలు కాదు. "వీడికి లెక్కలు వచ్చు" అని, వచ్చని తెలిసిన మనిషి చెప్పాలి. మ్యాథ్స్ చెప్పిన మాస్టారు, ప్రాజెక్టు గైడ్, కుదిరితే ఎంఏలో ఎకనామెట్రిక్స్ చెప్పినవారు. కొందరు మాస్టార్లు "నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా" అంటారు. ఒప్పుకోకండి. మీ మార్కులు, మీరు చేసిన ప్రాజెక్టు, ఎక్కడికి ఎందుకు వెళ్తున్నారో ఒక పేజీలో రాసి ఇచ్చి, "సార్, మీ మాటల్లోనే రాయండి" అని బతిమాలండి. కాలేజీ ఈమెయిల్ ఐడీ నుంచే అప్‌లోడ్ చేయమనండి. జీమెయిల్ నుంచి వచ్చిన లేఖలను కొన్ని చోట్ల తీసుకోరు.

ఎస్ఓపీలో, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసంలో, "చిన్నప్పటి నుంచీ నాకు ఆర్థికశాస్త్రమంటే మక్కువ" అని మొదలుపెట్టకండి. మీరు చూసిన ఒక్క విషయంతో మొదలుపెట్టండి. మా తమ్ముడు ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఉదయం బోర్డు మీద రాసిన టమాటా ధరకూ, గేటు బయట బండి మీద ధరకూ రోజూ ఎంత తేడా వస్తుందో నెలన్నర రాసుకున్నాడు. అది పరిశోధన కాదు, వాడూ అలా చెప్పుకోలేదు. ఆ తేడా వర్షం పడ్డ రోజున ఎందుకు పెరుగుతోందో చెప్పడానికి తనకు ఏ పనిముట్లు లేవో రాశాడు. ఎందుకు మారుతున్నాడో ఆ పేరాతోనే తేలిపోయింది.

వీసా దగ్గరా ఇదే ప్రశ్న రావచ్చు: "ఇంజినీరింగ్ చదివి ఎకనామిక్స్ ఎందుకు?" ఎస్ఓపీలో రాసిన జవాబే రెండు వాక్యాల్లో చెప్పండి. రెండు చోట్ల రెండు కారణాలు వద్దు.

ఆరో అడుగు: డబ్బు

జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమ చేసి, నెలకు ఇంతని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున, చూపించాలి. యూకే వీసాకు డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. 27వ రోజున ఎవరికో అవసరమై తీస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

బ్యాంకులో తాకట్టు లేకుండా సాధారణంగా 7.5 లక్షల దాకా ఇస్తారు. అంతకు మించితే ఇల్లో స్థలమో అడుగుతారు. ఇక్కడే మన ప్రాంతంలో నెలలు గడిచిపోతాయి. డీ పట్టా భూమి (ప్రభుత్వం అసైన్ చేసింది), 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధ జాబితాలో) ఉన్న స్థలం పనికిరావు. లేఅవుట్‌కు అనుమతి ఉందా, లింక్ డాక్యుమెంట్లు అన్నీ ఉన్నాయా, ఈసీ (స్థలం మీద అప్పులు, తాకట్లు చూపే సర్టిఫికెట్) శుభ్రంగా ఉందా అన్నది అప్లికేషన్లు పంపకముందే చూసుకోండి. ఆఫర్ వచ్చాక చూద్దాంలే అనుకున్న నా స్నేహితుడొకడు తాతగారి పేరు మీద ఉండిపోయిన స్థలం వల్ల ఒక ఇన్‌టేక్ పోగొట్టుకున్నాడు.

స్కాలర్‌షిప్పుల్లో యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ తప్పక చూడండి, నెలకు 1,400 యూరోలు. యూకే ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలి.

ఏడో అడుగు: కాగితాలు

పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, బీటెక్ మెమోలో ఒక్క అక్షరం ఇనీషియల్. మన తెలుగువాళ్లందరి కథా ఇదే. మూడూ ఒకే మనిషివని బయటివాళ్లకు తెలియదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఐఈఎల్‌టీఎస్, జీఆర్ఈ, అప్లికేషన్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపండి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు, జీఆర్ఈ అయిదేళ్లు చెల్లుతాయి. అందుకే జీఆర్ఈ ముందు, ఐఈఎల్‌టీఎస్ తర్వాత.

ట్రాన్స్‌క్రిప్టులు కనీసం ఆరు సెట్లు, సీల్డ్ కవర్లలో తీసుకోండి. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), సీఎంఎం స్కాన్లు రంగుల్లో ఉండాలి. సెప్టెంబర్‌లో చేరాలనుకుంటే కాగితాల పని అంతకు ముందు ఏడాది జులైలో మొదలవ్వాలి. చాలా యూకే, అమెరికా దరఖాస్తులు అక్టోబర్ నుంచి జనవరి మధ్యలో వెళ్లిపోవాలి, జర్మనీవి ఆ తర్వాత వసంతంలో.

ఆఫర్ వచ్చాక

మొదటి సెమిస్టర్‌కు ముందు చాలాచోట్ల రెండు మూడు వారాల మ్యాథ్ క్యాంప్ పెడతారు. వెళ్లడం మీ ఇష్టమని రాసి ఉన్నా, సబ్జెక్టు మార్చుకున్నవాళ్లకు అది తప్పనిసరే. దాని తేదీని బట్టి టికెట్ బుక్ చేయండి, తరగతులు మొదలయ్యే తేదీని బట్టి కాదు. నేను పెట్టెలో పచ్చళ్ల సీసాల పక్కన హెచ్ఓడీ సంతకం ఉన్న సిలబస్ కాపీలు కూడా పెట్టుకున్నాను. అక్కడ రెండో వారంలో ఒక ముందస్తు కోర్సు నుంచి మినహాయింపు అడిగినప్పుడు ఆఫీసులో ఆవిడ వాటినే తిరగేసి, మ్యాథమెటిక్స్-1 పేజీ దగ్గర ఆగి, లాగ్రాంజ్ అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసుకుంది.